లాగర్‌గారి పెళ్లిచూపులు

జావా టీముల్లో కొత్త ప్రాజెక్టు మొదలైతే జరిగే తొలి శుభకార్యం లాగర్‌కి, అంటే ప్రోగ్రాములో జరిగినవి రాసిపెట్టే సరుకుకి, సంబంధం వెతకడం. అప్లికేషన్ ఏం చేయాలో ఇంకా ఎవరికీ తెలియదు. లాగ్‌బ్యాకా, లాగ్‌ఫోర్‌జే 2నా అన్న చర్చ మాత్రం భోజనాల వేళ దాటినా తెగదు.

వంశాలు పెద్దవే. లాగ్‌ఫోర్‌జే పుట్టించిన జెకీ గుల్జూ గారే తర్వాత లాగ్‌బ్యాకునీ, ఎస్ఎల్ఎఫ్‌ఫోర్‌జేనీ పుట్టించారు. 2002లో జేడీకే 1.4తో జావా తన సొంత లాగర్ని తెచ్చింది. ఇన్ని ఉన్నాయి కాబట్టి మధ్యలో ఎస్ఎల్ఎఫ్‌ఫోర్‌జే అనే ఒక పొర, ఆ పొరకి పాతవాటిని కలపడానికి వంతెనలు. లాగ్‌ఫోర్‌జే నుంచి ఎస్ఎల్ఎఫ్‌ఫోర్‌జేకి ఒకటి, తిరుగు ప్రయాణానికి ఇంకొకటి. పొరపాటున రెండూ ఒకేచోట చేరితే సందేశం అటూ ఇటూ తిరిగి స్టాక్ ఓవర్‌ఫ్లోతో చస్తుంది. అందుకే అలాంటి జంట కనబడగానే ప్రోగ్రాముని ముందే ఆపేసే ఏర్పాటు కూడా పెట్టారు. తప్పులు రాసిపెట్టడానికి తెచ్చుకున్న సరుకు, తనే తప్పై కూర్చుంటుందన్నమాట.

ఇంత పటాటోపం ఎందుకయ్యా అంటే, "రేపు లాగర్ని మార్చాల్సొస్తే?" అంటారు. ఆ రేపు 2021 డిసెంబరులో వచ్చింది. బయటివాడు పంపిన మాటల్ని రాసుకుని ఊరుకోవలసిన లాగ్‌ఫోర్‌జే 2, వాటిలో ఉన్న చిరునామాకి వెళ్లి అక్కడి కోడు తెచ్చి నడిపేస్తోందని బయటపడింది. తీవ్రత పదికి పది. ఆ వారాంతం ఎంతోమంది ఇంజనీర్లకి లాగర్ని మార్చడంలో కాదు, అసలది తమ ఇంట్లో ఏ మూలన దాక్కుందో వెతకడంలోనే గడిచిపోయింది.

సరే, సంబంధం కుదిరింది. రాసేదేమిటి? అర్ధరాత్రి పేమెంట్లు ఆగిపోయాయి. ఆన్‌కాల్ కుర్రాడు కళ్లు నులుముకుంటూ లాగ్ తెరిస్తే: "సమ్‌థింగ్ వెంట్ రాంగ్". ఏ ఆర్డరు, ఏ సర్వరు, ఎంతసేపటి నుంచి? ఊహూఁ. దాని కింద "ఇన్‌సైడ్ ఇఫ్". ఆ కింద ఒకే ఎక్సెప్షన్ నాలుగుసార్లు. ఎందుకంటే ప్రతి పొరా దాన్ని పట్టుకుని, భక్తిగా లాగ్ చేసి, మళ్లీ పైకి విసిరింది.

రాయకూడనివి మాత్రం చక్కగా రాస్తాం. 2018 మేలో ట్విట్టర్ తన 33 కోట్ల మంది వినియోగదారులనీ పాస్‌వర్డు మార్చుకోమంది. అవి దాపరికం లేకుండా లోపలి లాగులో పడుతున్నాయట. అక్కడి లాగర్ చెప్పిన పని చెప్పినట్టే చేసింది, పాపం.

మన కుర్రాడు తెల్లారాక మేనేజరుకి మొరపెట్టుకున్నాడు. విన్నారు, తల ఊపారు. "సమ్‌థింగ్ వెంట్ రాంగ్"ని ఇకమీదట జేసన్‌లో రాద్దామా వద్దా అని తేల్చడానికి గురువారం మీటింగు పెట్టారు.