సీసమొకటి: సటీక, సతాత్పర్యం

అవతారిక

డిసెంబరు చివరి వారంలో పాత నాణేలు సేకరించేవారికి ఒక ఆచారం ఉంది. ఆ ఏడు కొన్నవాటిలో మనసుకు నచ్చినవి నాలుగైదు ఏరి, నల్లగుడ్డ మీద వరసగా పేర్చి, తోటి సేకర్తల చేత ఆహా అనిపించుకుంటారు. ప్రస్తుత కవి లెక్కల మాస్టారుగా రిటైరైనవాడు. నాణేలు బయటికి తీసి చూపించే ధైర్యం చాలక పద్యం రాసి చూపించాడు. ధైర్యం ఎందుకు చాలలేదో పాఠాంతరం దగ్గర తేలుతుంది.

కావ్యమంతా కలిపి ఒక్కటే పద్యం. అయినా వ్యాఖ్య లేకపోతే కావ్యానికి గతి లేదు. కాళిదాసుకు మెదక్ సీమ కొల్చారం నుంచి మల్లినాథసూరి దొరికాడు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన మహానుభావుడాయన. ఈ కవికి మేము దొరికాం. మేము ఏ ప్రతిజ్ఞా చేయడం లేదు. చేసినవారి గతి ఏమైందో నాలుగో పాదంలో మీరే చూస్తారు.

మూలం

సీసమొకటి, వెండి చిన్నవి రెండును,
ఇనుప సింగమొకటి యింటఁ జేరె;
ఏడు గడిచె, నింక నేమియుఁ గొననని
యాన వెట్టి మరల నట్టె కొనియె!

ప్రతిపదార్థం

సీసమొకటి = సీసంతో చేసిన నాణెం ఒకటి; వెండి చిన్నవి రెండును = బొటనవేలి గోరంత వెండి నాణేలు రెండూ; ఇనుప సింగమొకటి = ఇనుపదైన సింహం ఒకటి; ఇంటన్ = ఇంటియందు (ఇల్లు ఎవరి పేర ఉన్నదో కవి చెప్పలేదు); చేరెన్ = చేరినవి; ఏడు గడిచెన్ = సంవత్సరం అయిపోయింది; ఇంకన్ = ఇకమీదట; ఏమియున్ కొనను అని = ఏదీ కొనబోనని; ఆన వెట్టి = ఒట్టు పెట్టి; మరలన్ = తిరిగి; అట్టె = వెంటనే; కొనియెన్ = కొన్నాడు.

ఇక్కడ క్రియల పోకడ గమనించదగ్గది. మొదటి నాలుగు నాణేలనూ కవి 'కొంటిని' అనలేదు, 'చేరె' అన్నాడు. డబ్బు ప్రసక్తి లేకుండా అవే దారి వెతుక్కుంటూ వచ్చి గుమ్మం తొక్కినట్టు. 'కొను' ధాతువు చివరికి రాక తప్పలేదు. అప్పుడు కూడా కొన్నవాడు ఇంకెవరో అయినట్టు ప్రథమపురుషలోకి జారుకున్నాడు.

పాదాంతంలో 'రెండును, ఇనుప' అని సంధి లేకుండా విడిచిపెట్టాడేమని లాక్షణికులు ఆక్షేపిస్తారు. ఆ నెలలో ఇంట్లోనూ సంధి కుదరలేదని మా సమాధానం.

ఛందస్సు

ఆటవెలది. 'సీసమొకటి' అని మొదలుపెట్టి ఆటవెలది రాయడమేమిటని కొందరు నవ్వారు. వారు ఛందశ్శాస్త్రం సగమే చదివారు. సీసం కింద తేటగీతి గానీ ఆటవెలది గానీ ఉండి తీరాలి. కవి చేతిలో సీసం ఉంది, కింద ఎత్తుగీతి లేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ పద్యం. లోహంలో సీసం, కాగితం మీద గీతం: ఇలాంటి కూర్పు తెలుగులో మరొకటి ఉన్నట్టు మేము ఎరుగం.

విశేషాలు

సీసమొకటి: ఇది శాతవాహనుల ఓడ నాణెం. బొమ్మవైపు రెండు తెరచాప కొయ్యలున్న ఓడ, బొరుసువైపు ఉజ్జయిని చిహ్నం, అంటే కూడలి గీతల చివర నాలుగు సున్నాలు. క్రీ.శ. 2వ శతాబ్దంలో వాసిష్ఠీపుత్ర పులుమావి పేర ఇలాంటివి అచ్చయ్యాయి, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంలోనూ ఈ బొమ్మ కనిపిస్తుంది. దొరికేది ఎక్కువగా కోరమాండల్ తీరం వెంబడే. కవిగారి దాంట్లో ఓడకు ఒక కొయ్య పూర్తిగా ఉంది, రెండోది ఉందని నమ్మాలి. రాజుగారి పేరులో రెండక్షరాలు మిగిలాయి. అచ్చు పెద్దది, సీసపు బిళ్ళ చిన్నది, మిగతా పేరు గాలిలో పడింది.

మన దేశంలో సీసమే లేదని, ముత్యాలూ మణులూ ఇచ్చి బయటినుంచి తెప్పించుకుంటారని రోమన్ పండితుడు ప్లీనీ రాశాడు. భరుకచ్ఛం రేవులో దిగే సరుకుల్లో సీసం ఉందని ఎర్ర సముద్రపు నావికుడొకడు రాసిన 'పెరిప్లస్' కూడా చెబుతుంది. ఓడ బొమ్మ వేసిన సీసం ఓడెక్కి వచ్చిందే కావచ్చునన్న ఊహ కవిని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. రుజువు చేయాలంటే లోహపరీక్ష చేయాలి, ఆయన దగ్గర ఉన్నది భూతద్దం.

ఇంతకూ ఐదింటిలో కవికి ప్రియతమం ఏది? ప్రథమ పదంగా నిలిపాడు కనుక సీసమే. కారణం ఓడ కాదు. దాన్ని చుట్టిన పాత కాగితం ముక్క. దాని మీద ఎవరో ముందుతరం సేకర్త పెన్సిలుతో ఒక ఊరి పేరు రాసిపెట్టాడు. తక్కిన నాణేలకు ఆ భాగ్యం లేదు. ఎక్కడిది అని అడిగితే అమ్మేవారి జవాబు ఎప్పుడూ ఒకటే: "పాత కలెక్షన్ సార్." ఏ కాలంవాడో, ఏ రాజు కొలువులోవాడో తెలియని చాటుకవిలాగా దొరికినచోటు తెలియని నాణెం కూడా అందంగా ఉంటుంది, సాక్ష్యానికి మాత్రం పనికిరాదు.

వెండి చిన్నవి రెండును: మొదటిది విద్ధాంక నాణెం, సేకర్తల వాడుకలో 'పంచ్ మార్క్'. వెండి రేకును ముక్కలుగా కోసి, బరువు సరిపోయేదాకా మూలలు కత్తిరించి, ఒక్కొక్క ముద్రనూ విడిగా కొట్టేవారు. మగధ మౌర్య శ్రేణిలో బొమ్మవైపు ఐదు ముద్రలు: సూర్యుడు, ఆరు కొమ్మల చక్రం, ఆపైన మారుతుండే మూడు. రాజు పేరు లేదు, అక్షరమే లేదు. తూకం 32 గురివింద గింజలు, అంటే ఇంచుమించు మూడున్నర గ్రాములు. అర్థశాస్త్రంలో ముద్రణ చూసే లక్షణాధ్యక్షుడూ, చెలామణిలో నాణేలను పరీక్షించే రూపదర్శకుడూ ఉన్నారు. వెండి రూపకంలో నాలుగోవంతు రాగి కలపమని కూడా అందులో ఉంది. కల్తీ అనుకోకండి, శాస్త్రోక్తం.

మన అమరావతిలో ఇలాంటివి ఒక్కచోటే ఏడు వేలకు పైగా బయటపడ్డాయి. వాటిని పరిశీలించి పి.ఎల్. గుప్తా రాసిన గ్రంథాన్ని 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అచ్చువేసింది. కవికి మాత్రం ఈ నాణేల మీద ప్రేమ కలిగించినవాడు డి.డి. కోశాంబి. ఆయన గణితజ్ఞుడు. 1940లలో కూర్చుని విద్ధాంక నాణేలను వేలల్లో తూచాడు. చేతులు మారినకొద్దీ వెండి అరుగుతుంది కదా, కుప్పలో ఏవి ఎంత తేలికపడ్డాయో చూస్తే ఏది ముందుదో ఏది తర్వాతిదో చెప్పవచ్చన్నాడు. అది చదివిన రోజునే మాస్టారు కంసాలి త్రాసు కొన్నాడు. త్రాసు ఖర్చు పద్యంలో ఎక్కలేదు.

రెండో వెండి రోమను దెనారియస్. బొమ్మవైపు టైబీరియస్ చక్రవర్తి తల, బొరుసువైపు పీఠం మీద కూర్చున్న స్త్రీ. టైబీరియస్ ఏలింది క్రీ.శ. 14 నుంచి 37 దాకా. దక్షిణ భారతంలో దొరికే రోమన్ వెండిలో ఆగస్టస్‌వీ ఇతనివీ ఎక్కువ. నల్గొండ జిల్లా అక్కనపల్లి కుప్పలోనే వెయ్యికి పైగా ఉన్నాయి. క్రీ.శ. 64లో నీరో వెండి పాలు తగ్గించాక అచ్చయినవి ఇక్కడ అరుదు. దూరాన ఉన్నా మన వర్తకులకు గీటురాయి ఉంది మరి. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులను భారతదేశం పీల్చేస్తోందని గొణిగిన ప్లీనీయే ఇక్కడ మళ్ళీ గుర్తుకొస్తాడు. నాలుగు సెస్టర్సులు ఒక దెనారియస్ కనుక, అది కోటీ పాతిక లక్షల దెనారియస్‌లకు సమానం. కవి ఈ లెక్కను భార్యకు ఉత్సాహంగా వినిపించాడు. "పాపం, ఆ ప్లీనీ గారింట్లో కూడా మీలాంటివారే ఉన్నట్టున్నారండీ" అందావిడ.

ఇదే నాణెం యూరపు మట్టిలోనూ దొరుకుతుంది. ఈ ఒక్క బిళ్ళ రెండు వేల ఏళ్ళ కింద మిరియాలకు బదులుగా కృష్ణ ఒడ్డుకు వచ్చిందో, మొన్న విమానమెక్కి వచ్చిందో చెప్పే ఆధారం దాని ఒంటి మీద లేదు. ఇందుకే ముందు ఆ పెన్సిలు రాత గురించి అంత చెప్పవలసి వచ్చింది.

ఇనుప సింగము: విష్ణుకుండినుల నాణెం, క్రీ.శ. 5, 6 శతాబ్దాలది. ముందరి పంజా ఎత్తి నోరు తెరిచిన సింహం ఒకవైపు, రెండు దీపస్తంభాల నడుమ కలశం మరోవైపు. లోపల ఇనుము, పైన రాగి పొర. ఇనుము తుప్పెక్కి ఉబ్బితే పొర పగులుతుంది, సింహం తోకతో మొదలై క్రమంగా అంతర్ధానమవుతుంది. అయస్కాంతానికి అంటుకునే ప్రాచీన నాణెమని కవి మురిసిపోతుండగా ఆవిడ ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తెచ్చి పరీక్ష చేసింది. అంటుకుంది. అంతటితో ఊరుకోక, ఇత్తడి చెంబుల అలవాటు కొద్దీ చింతపండు కూడా తేబోయింది. కవి జీవితంలో అరిచింది ఆ ఒక్కసారే. ఇనుముకే కాదు, సీసానికీ పులుపు విషమే. చెక్క బీరువా కూడా మంచిది కాదు, కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా మారుతుంది. మెత్తని పీవీసీ సంచుల్లో పెడితే రాగికీ వెండికీ పచ్చని జిగురు పడుతుంది.

మరల నట్టె కొనియె: ఏమి కొన్నాడు? క్రియ ఉంది, కర్మ లేదు. ఈ ఆకాంక్షను తీర్చడానికి వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల చిన్న సీసపు బిళ్ళ అని పూర్వపక్షం. కాదు, నహపానుడి వెండి నాణెం అని సిద్ధాంతం. కవి పుస్తకాల అరలో మేము స్వయంగా చూశాం.

దాని కథ ఇది. క్షహరాత నహపానుడు తన తలబొమ్మతో, చుట్టూ గ్రీకు, బ్రాహ్మీ, ఖరోష్ఠి అక్షరాలతో వెండి నాణేలు వేయించాడు. గౌతమీపుత్ర శాతకర్ణి అతన్ని ఓడించి, ఆ నాణేలను కరిగించలేదు. వాటిమీదే తన చైత్యం గుర్తూ ఉజ్జయిని గుర్తూ కొట్టించి వదిలాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13,250 నాణేలు దొరికితే, అందులో 9 వేలకు పైగా ఇలా తిరిగి కొట్టినవే. క్షహరాత వంశాన్ని నామరూపాలు లేకుండా చేశాడని గౌతమీపుత్రుడి తల్లి బాలశ్రీ నాసిక్ గుహ శాసనంలో పొగిడించింది. కవిగారి నాణెం చూస్తే రూపం కొంత మిగిలింది. ఆ చైత్యం గుర్తులోని మూడు కమానుల కొండ కిందనుంచి నహపానుడి ముక్కు ఇంకా పొడుచుకు వస్తోంది.

మేము దీన్ని వ్యాఖ్యల్లోకెల్లా ఉత్తమ వ్యాఖ్యగా ఎంచుతున్నాం. మూలాన్ని చెరపకుండా, మూలకారుడి మొహం మీదే రాసి, చెల్లుబాటు చేయించిన టీకాకారుడు మరొకడు లేడు.

పాఠాంతరం

ఈ పద్యానికి రెండు ప్రతులున్నాయి. 'చిన్నవి రెండును' అన్నది సేకర్తల మధ్య తిరిగే ప్రతి. వంటింటి క్యాలెండరు వెనక దొరికిన ప్రతిలో 'చిల్లర కొంతయు' అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, అంకె మాత్రం మాయమైంది. ఆ ప్రతిలో మూడు, నాలుగు పాదాలు అసలే లేవు. పాఠ నిర్ణయం కోసం రశీదులు అడిగాం. కవి విషయం మార్చి కాఫీ తెప్పించాడు. కఠినమైన పాఠమే గ్రాహ్యమన్న సూత్రం ప్రకారం 'రెండును' అన్నదాన్నే స్వీకరించాం. ఆవిడ కూడా అదే స్వీకరించినట్టు తర్వాత తెలిసింది.

తాత్పర్యం

ఒకానొక సేకర్త ఈ ఏడు నాలుగు నాణేలు కొని, ఇక కొననని ఒట్టు పెట్టుకొని, ఐదోది కొన్నాడు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారిలో ఎవరికైనా దుక్కిలోనో పునాది గోతిలోనో ఇలాంటి బిళ్ళలు దొరికితే, కడగవద్దు, చింతపండు జోలికి పోవద్దు, అమ్మేవారి చేతిలో పెట్టవద్దు. దొరికిన చేను, లోతు, కుండ ఉంటే కుండతో సహా కాగితం మీద రాసిపెట్టండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం నేటికీ అమల్లో ఉంది. పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని అందులో ఉంది. కలెక్టరంటే జిల్లా కలెక్టరు. మా కవి కాదు.