జిల్లా బడుల తూకము: సటీకాతాత్పర్యము

అవతారిక. ఛత్తీస్‌గఢ రాజధానియగు రాయపూరున, జూన్ మాసపు శాలాప్రవేశోత్సవమునందు పిల్లల నొసట దిద్దిన తిలకము ఆరకమునుపే ప్రధానోపాధ్యాయుని బల్లపై పూరింపవలసిన పత్రములు పేరుకొనుట పరిపాటి. ఈ పద్యము అట్టి బల్లయొద్దనే పుట్టినదని శైలియే చాటుచున్నది. కవి తన పేరు చెప్పుకొనకుండుట ఉద్యోగధర్మము.

మూలము.

ఆఱు నూఱులోన నంకంబు లెన్నంచు
బడినిఁ దూఁచు త్రాసు బడియె పట్టు;
దక్ష యన్న పేరు దక్కలే దెవరికిఁ
గట్టకడకు నున్న కాంక్ష చాలు.

ప్రతిపదార్థము. ఆఱు నూఱులోనన్ = 600 మార్కులలో; అంకంబులు ఎన్ని అంచున్ = వచ్చినవి ఎన్నియని; బడినిన్ తూచు త్రాసు = కేంద్ర విద్యామంత్రిత్వశాఖవారి జిల్లా పనితీరు శ్రేణీకరణ సూచికను; బడియె పట్టున్ = బడియే చేతబట్టును; దక్ష అన్న పేరు = నూటికి తొంబదిని మించిన జిల్లాకు ఒసగు బిరుదము; కట్టకడకున్ ఉన్న కాంక్ష = నూటికి పదియును దాటని జిల్లాకు ఒసగు ‘ఆకాంక్షి-3’ బిరుదము; చాలున్ = స్పష్టము.

తాత్పర్యము. జిల్లా తన్ను తాను తూచుకొని, తక్కువ తూగినను సన్మానము పొందును.

టీక. ఈ త్రాసు సామాన్యమైనది కాదు. దీనికి ఆరంగములు, 83 సూచికలు కలవు. అభ్యసన ఫలితములకు 290, తరగతిగది బోధనకు 90, పాలనకు 84, వసతులకును విద్యార్థుల హక్కులకును 51, డిజిటల్ విద్యకు 50, భద్రతకును బాలల రక్షణకును 35 మార్కులు. కుళాయియు మరుగుదొడ్డియు పాఠ్యపుస్తకమును కూడియున్న అంగము, కంప్యూటరు కూర్చున్న అంగముకంటె ఒకేయొక మార్కు బరువు తూగుట వ్యాఖ్యాతకు ఎంత యోచించినను మింగుడుపడకున్నది.

‘బడియె’ అనుచోటి అవధారణము కీలకము. బడుల సమాచారవ్యవస్థయగు యూడైస్ వారి పదునొకండు అంకెల సంఖ్య ధరించిన ప్రతి బడియు, తనయందు గది యెన్ని, గ్రంథాలయము కలదా, నీరు వచ్చునా యను ప్రశ్నలకు తానే సమాధానమిచ్చుకొనును. ఇచట పూర్వపక్షి లేచి, “అభ్యసన ఫలితములను జాతీయ సాధన సర్వేక్షణ తూచును గదా! అది బడి చేతిలోనిది కాదే!” యని ఆక్షేపించును. సత్యమే. కాని ఆ పరీక్ష 2017 నవంబరున జరిగి, మరల 2021 నవంబరు 12వ తేదీవరకు జరుగలేదు. 2018-19, 2019-20 సంవత్సరముల జిల్లాసూచికలు రెండును ఆ పాతపరీక్షనే ఆశ్రయించినవి. కావున, రైల్వే కొలువువెంట వచ్చి రాయపూరున స్థిరపడిన తెలుగు కుటుంబపు బాలుడొకడు, ఇంట తెలుగును వీధిని ఛత్తీస్‌గఢీని బడిలో హిందీని ఈడ్చుకొనుచు ఎట్లో అయిదవ తరగతినుండి ఏడవ తరగతికి ఎగబ్రాకినను, పట్టికలో మాత్రము అయిదవ తరగతి బల్లమీదనే చిరంజీవియై కూర్చుండెను. సిద్ధాంతి ఇంతకుమించి వాదింప నక్కరలేదు.

అలంకారము. మూడవ నాలుగవ పాదములందు అపహ్నుతి. 2022లో వెలువడిన ఆ తొలి పట్టికలందు ‘దక్ష’ పదవి ఏ జిల్లాకును దక్కలేదు. 2019-20కి రాజస్థాన్‌లోని జయపురము, సీకర్, ఝుంఝునూ జిల్లాలు ‘ఉత్కర్ష’తో తృప్తి చెందినవి. తక్కిన శ్రేణులు అత్యుత్తమము, ఉత్తమము, మూడు ప్రచేష్టలు, మూడు ఆకాంక్షలు. పదింటిలో ఎచటను వైఫల్యమునకు పేరు లేదు. ఉన్నదానిని కాదని అభిలాషగా నిరూపించిన ఈ నేర్పు ఆలంకారికులకు సైతము అసూయ గొల్పును.

విశేషము. తూకము పెంచుటకు మరియొక మార్గమును కలదు, అది లెక్కింపబడువానిని మార్చుట. 2025లో ఈ రాష్ట్రమున ‘యుక్తియుక్తకరణ’ మను గంభీరనామముతో పదివేలకు పైబడిన బడులను, అందు పెక్కు ఒకే ప్రాంగణములోనివి, కలిపివేసిరి. ఏకోపాధ్యాయ పాఠశాల కన్నుమూసిన సగటు కన్నులు తెరచును. దీనికి ప్రాచీనోదాహరణము ఈ నగరముననే కలదు. 1877లో విశ్వనాథదత్తుని కుమారుడు నరేంద్రుడు, పిమ్మట వివేకానందుడైనవాడు, రాయపూరు వచ్చినపుడు ఇచట తగిన బడి లేకుండుటచే ఇంటనే తండ్రియొద్ద చదువుకొనెను. నేటి పత్రమున అతడు ‘బడిబయటి పిల్లలు’ అను గడిలో చేరి జిల్లాకు మచ్చ తెచ్చియుండును. 1879లో ఆ కుటుంబము కలకత్తాకు మరలినంతనే ఆ గడిలో ఒకరు తగ్గి, రాయపూరు విద్యాప్రగతి ఆ మేరకు మెరుగుపడి యుండును.