మా క్వార్టరూ, మీ ఈఎంఐ

ఏమోయ్ అబ్బాయీ, హైదరాబాదులో ఫ్లాటు కొని, ఇరవై ఏళ్ల అప్పు మీద సంతకం పెట్టొచ్చి నాకు మిఠాయి పెడతావా? మా రోజుల్లో ఇరవై ఏళ్లంటే కోర్టువాళ్లు వేసేవారు, అదీ నేరం చేస్తేనే.

భిలాయిలో మాకు ఇల్లంటే క్వార్టరే. 1955లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం రష్యావాళ్లతో ఒప్పందం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు, దాని వెనకే ఈ సెక్టర్లు. శ్రీకాకుళం నుంచి ట్రంకుపెట్టెతో దిగినవాడికి సెక్టర్ 4లో నీడ దొరికేది. అద్దె కింద ఎంత కోశారో పేస్లిప్పులో కళ్లద్దాలు పెట్టుకుని వెతుక్కోవాలి. జబ్బు చేస్తే సెక్టర్ 9 ఆస్పత్రి. పిల్లలకి కంపెనీ బడి.

మరి మిగిలిన జీతం ఏమయ్యేదంటావా? ఆదివారం సుపేలా సంతలో ఖర్చయ్యేది. సైకిలు షాపువాడు, దర్జీ, కంసాలి, అందరూ మా జీతాల మీదే పిల్లల పెళ్లిళ్లు చేశారు. ఇంకొంత మనియార్డరుగా ఊరికి పోయేది. మా నాన్న దాంతో బోదె తవ్వించి, మా తమ్ముణ్ణి చదివించి, మిగిలింది కోడిపందేల్లో... సరే, అది వేరే కథ. చెప్పొచ్చేదేమిటంటే, ఒక్క ఫర్నేసు వేడికి ఎన్ని పొయ్యిలు వెలిగాయో!

ఇప్పుడు నీ జీతం ఒకటో తారీకునే బ్యాంకు మింగుతుంది. దర్జీకేం మిగులుతుంది? పుణేలో మంచి ఉద్యోగమొచ్చినా కదల్లేవు, మీ మేనేజరు తిట్టినా మానలేవు. 2008లో చూశాం కదా, అమెరికాలో ఇళ్ల వాయిదాలు కట్టలేక జనం చేతులెత్తేస్తే లేమన్ బ్రదర్స్ కూలింది, ఇక్కడ మన ఉక్కు ధర కూడా పడిపోయింది. ఎవడి ఇంటి అప్పో, ఎవడి కొలిమో!

క్వార్టరు మరీ స్వర్గమని కాదులే. వానొస్తే గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి. ఇంకో గది కావాలంటే సీనియారిటీ లిస్టులో పేరు పైకొచ్చేసరికి తల నెరిసేది. రిటైరైతే ఆ కప్పు కూడా మనది కాదు. అందుకే ముందుచూపుతో రిసాలీలో చిన్న మేడ కట్టాను. కింది వాటా ప్లాంటులో పనిచేసే కాంట్రాక్టు కుర్రాడికి అద్దెకిచ్చాను. అదే ప్లాంటు, అదే వేడి. వాడికి మాత్రం క్వార్టరు లేదు, పాపం. ఏటా అద్దె పెంచుతాననుకో, ధరలు అలా మండుతుంటే నేనేం చేసేది?

మొన్న పెంచినప్పుడు, "తాతగారూ, మీ రోజుల్లో మీరెంత కట్టేవారు?" అని అడిగాడు. చూశావా పొగరు! మా రోజుల్లో ఇంటివాళ్లని అలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లం కాదు. అసలు మాకు ఇంటివాళ్లుంటేగా.