కొల్లేటికి ఫుల్ హుకప్

2022 ఏప్రిల్ 4న ఏలూరు సముద్రం పోగొట్టుకుంది. ఎవరూ కంప్లెయింట్ ఇవ్వలేదు. ముందురోజు దాకా మాది పశ్చిమ గోదావరి జిల్లా ముఖ్యపట్టణం. 19 కిలోమీటర్ల తీరం మా కలెక్టరు గారి పరిధిలోనే అలలు కొట్టుకునేది. తెల్లారేసరికి జిల్లాలు పంచేశారు. నరసాపురం, మొగల్తూరు, పేరుపాలెం బీచి, వాటితోపాటు పశ్చిమ గోదావరి అన్న పేరు కూడా భీమవరం పట్టుకుపోయింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల బస్తాలతో సహా అటే వెళ్లింది. మాకేమో కైకలూరు, మండవల్లి, కలిదిండి వచ్చి కలిశాయి. అంతకుముందు సగం మాది, సగం కృష్ణా జిల్లాది అయిన కొల్లేరు దాదాపు మొత్తంగా మా ఖాతాలో పడింది. అన్నదమ్ముల పంపకాల్లో పొలం ఒకడికీ, పొలం మీదున్న కోర్టు కేసు ఇంకొకడికీ వచ్చినట్టయింది మా పని.

ఇలాంటి సమయంలో క్యారవాన్ టూరిజం అన్న మాట ఊళ్లోకి వచ్చింది. కేరళ వాళ్లు 2021లోనే దీనికి ఒక విధానం ప్రకటించేసి, మరుసటి ఏడాది ఇడుక్కి జిల్లా వాగమన్‌లో క్యారవాన్ పార్కు తెరిచారు. మనం వెనకబడితే ఎలా? ఇక్కడ కూడా బండిలో మంచం, బండిలో వంట, బండిలో స్నానం, బండి దిగితే ప్రకృతి అని చెప్పేవాళ్లు బయల్దేరారు. ఇప్పటిదాకా మేం చూసిన క్యారవాన్లు సినిమా హీరోలవే. కృష్ణంరాజు, చిరంజీవి ఇద్దరూ పుట్టిన మొగల్తూరు మొన్నటిదాకా మా జిల్లాలోదే గాబట్టి ఆ బండి మాకు కొత్తేం కాదు. లోపల ఏముందో మాత్రం తెలీదు, బౌన్సరు తలుపు దగ్గరే నిలబెట్టేస్తాడు.

లోపల ఏముంటుందో మా మేనల్లుడు చూపించాడు. శాన్‌డియేగోలో ఉంటాడు, సాఫ్ట్‌వేరు. సముద్రం ఒడ్డున ఆర్వీ పార్కులో చోటు దొరికిందని వీడియో కాల్ చేశాడు. దొరకడం మామూలు సంగతి కాదట. కాలిఫోర్నియా ప్రభుత్వ బీచుల్లో క్యాంపింగ్ చోటు కావాలంటే ఆరు నెలల ముందు పొద్దున్న 8 గంటలకి బుకింగ్ తెరుస్తారు, తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం రెండు ల్యాప్‌టాపులు, మూడు ఫోన్లు పెట్టుకుని కూర్చున్న వంశంలో పుట్టినవాడు గనక సాధించాడు. అమెరికా వాళ్లు ఈ పోటీలో మనతో గెలవలేరు.

పార్కులో ఒక్కో బండికీ ఒక స్తంభం ఉంది. దానికి కుళాయి, 30 ఆంపులకో 50 ఆంపులకో కరెంటు ప్లగ్గు, కింద నేలలో మూతపెట్టిన మురుగు గొట్టం. మూడూ ఉంటే దాన్ని ఫుల్ హుకప్ అంటారు. బండి కడుపులో మురుగుకి రెండు ట్యాంకులుంటాయి. సింకు నీళ్లు, స్నానం నీళ్లు పోయేది గ్రే ట్యాంకు. రెండోది బ్లాక్ ట్యాంకు, దాని గురించి భోజనాల వేళ వద్దు. మావాడు చేతులకి తొడుగులు వేసుకుని, ముడతల గొట్టం ఒకటి లాగి, ఒక కొస బండికి, రెండో కొస నేలలోని కంతకి బిగించి, వాల్వు లాగాడు. ముందు బ్లాకు వదలాలట, తర్వాత గ్రే వదిలితే ఆ సబ్బునీళ్లతో గొట్టం కడుక్కుపోతుందట. ఫోను ఒక చేత్తో పట్టుకుని గొట్టం గలగలలు కూడా వినిపించాడు.

ఇక్కడ మా అక్కయ్య కళ్లు తుడుచుకుంటోంది. అన్నం తిన్న కంచం ఎత్తని కొడుకు వాడు.

"ఇదేం ఖర్మరా నాన్నా, ఎవరినైనా పిలిపించకపోయావా?"

"ఎక్స్‌పీరియన్స్ అమ్మా ఇది! దీనికే డబ్బులు కట్టాం."

ఆ ఎక్స్‌పీరియన్సు మా వీధి కాలవలు తీసేవాళ్లకి ఏళ్ల తరబడి ఉంది, అదీ తొడుగులు లేకుండా. వాళ్లెవరూ స్టేటస్ పెట్టుకున్నట్టు కనబడదు.

వాడు మాట్లాడుతున్నంతసేపూ నాకు కొల్లేరే గుర్తొస్తోంది. ఎవరైనా ముందు పార్కు కట్టి, తర్వాత మురుగు ఎక్కడికి పంపాలో ఆలోచిస్తారు. మేం రెండో పని ఎప్పుడో పూర్తి చేసి పెట్టాం. విజయవాడ వైపు నుంచి బుడమేరు మోసుకొచ్చేది కొల్లేట్లోకే. ఏలూరు తమ్మిలేరు పోయేది కొల్లేట్లోకే. గుడివాడ వైపు డ్రెయిన్లు, ఫ్యాక్టరీల నీళ్లు, చేపల చెరువులు ఖాళీ చేసిన నీళ్లు అన్నీ అక్కడికే. ఇన్నేర్లు, ఇన్ని కాలవలు కలిసే సరస్సుకి సముద్రంలోకి దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. అంటే రెండు డెల్టాల మధ్య ఇంతమందికి తరతరాలుగా ఉచితంగా మురుగు హుకప్ ఇస్తున్న పార్కు అది. బుకింగ్ లేదు, వాల్వు లేదు, ముందు బ్లాకా ముందు గ్రేనా అన్న పట్టింపు అసలే లేదు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి కూడా ఎక్కింది. ఎక్కిన దగ్గర్నుంచీ అందరం గౌరవంగా వదులుతున్నాం.

కొల్లేటి ఒడ్డున క్యారవాన్ పార్కు పెడితే బావుంటుందని ఈమధ్య ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. పెద్దమనిషంటే చెరువులున్నాయన్నమాట. "ప్లస్ ఫైవ్ కాంటూరు అడ్డం గదండీ" అన్నాను. కాంటూరంటే సముద్రమట్టం నుంచి నేల ఎత్తు చూపే గీత అని ఇక్కడ ఆరో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. 1999లో వచ్చిన 120 నంబరు జీవో ప్రకారం ప్లస్ ఫైవ్ లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని పొక్లెయిన్లు దింపి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. తెగ్గొట్టిన గట్లలో చాలా మటుకు తర్వాత వాటంతటవే మొలిచాయి, డెల్టా నేల అంత సారవంతం మరి. కాంటూరుని ప్లస్ త్రీకి దింపుతామని ఎన్నికలొచ్చినప్పుడల్లా మాటిస్తారు. శాసనసభ 2008లో తీర్మానం కూడా చేసింది. నీళ్లకి మాత్రం ఆ తీర్మానం చేరలేదు. వాన పడితే పాత కాంటూరు ప్రకారమే ఎక్కి, చిన ఎడ్లగాడి దగ్గర ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికొచ్చి కూర్చుంటాయి.

పెద్దమనిషి చిరునవ్వు నవ్వాడు. "కట్టడం అయితేగదండీ అడ్డం? ఇది బండి. చక్రాలున్నాయి."

ఆలోచిస్తే భయమేసింది. ఈ సూత్రం ఎవరైనా ఒప్పుకుంటే వచ్చే వారానికల్లా కొల్లేట్లో ప్రతి చెరువు గట్టు కిందా రెండు టైర్లు కనబడతాయి.

నిజానికి కొల్లేట్లో క్యాంప్‌గ్రౌండు లేకపోలేదు, ఆటపాకలో ఉంది. కైకలూరు పక్కనే పక్షుల కేంద్రం. గూడు కట్టుకోడానికి చెట్లు చాలక, అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతింది. అంతంత లావు ముక్కు సంచులేసుకుని పెలికాన్లు వాటి మీదే సంసారం పెడతాయి. చుట్టపక్కల ఎర్రకాళ్ల కొంగలు. చలికాలం బయల్దేరి ఎక్కడెక్కడి నుంచో వచ్చే పక్షులు కూడా ఈ నీళ్లలోనే దిగుతాయి. ఆరు నెలల ముందు బుకింగ్ లేకుండా చోటు పట్టుకునే యాత్రికులు వీళ్లొక్కళ్లే. స్టాండు మీద ఒకదాన్నొకటి ముక్కుతో పొడుచుకోవడం నేను కళ్లారా చూశాను. సైటు తగాదా అయ్యుంటుంది. ఒకటి లేచి పోగానే ఇంకొకటి దాని చోట్లోకి వచ్చి కూర్చుంది, పుల్ల నోట్లో పట్టుకునే.

అసలు బండిలో కాపురం మనకి అమెరికా నేర్పాలా? 1982లో పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు ఒక షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసుకుని రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగు హరికృష్ణది. పడక అందులోనే, స్నానం రోడ్డు పక్కన. మార్చి నెలాఖర్లో పార్టీ పెడితే జనవరిలో ముఖ్యమంత్రి. ఆర్వీ కొనుక్కున్న ఏ అమెరికా వాడైనా అంత దూరం వెళ్లాడేమో కనుక్కోండి. ఇక మన కాశీ, రామేశ్వరం యాత్రా బస్సులు! డిక్కీలో సిలిండర్లు, గంగాళాలు, బియ్యం బస్తాలు, టాపు మీద పరుపులు, వెనక సీట్లో వంటాయన. ఎక్కడో నాగపూర్ దాటాక పెట్రోలు బంకు పక్క చెట్టు కింద దిగి, అరగంటలో పులిహోర తిప్పి, విస్తళ్లేసి వడ్డించేస్తారు. బ్లాక్ ట్యాంకు లేదు. దాని బదులు దేశం ఉంది.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ దగ్గరకి పొద్దున్నే వెళ్లండి, ఇంకో రకం ఆర్వీలు కనబడతాయి. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ సరుకు తెచ్చిన లారీలు. క్యాబిన్లో సీటు వెనకాల బల్ల, దాని మీద బొంత, అద్దం పైన దేవుడి పటానికి నిన్నటి బంతిపూలు. డ్రైవరు టైరు పక్కన గొంతుక్కూర్చుని చిన్న స్టవ్వు మీద రొట్టె కాలుస్తుంటాడు. సరుకులోంచి జారిపడ్డ ఉల్లిపాయ పిడికిలితో చితకేసి నంజుకుంటాడు. క్లీనరు డ్రమ్ములోంచి మగ్గుతో నీళ్లు ముంచుకుని స్నానం చేస్తుంటాడు, సబ్బు నురగ రోడ్డు దాటి కాలవలోకి పోతుంది. కాలవ ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు.

పార్కు గూడెంలో పెట్టుకుంటే మేలని నా ఉద్దేశం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్లు వేసిన రన్‌వే అక్కడ ఉండనే ఉంది. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్లిపోయాయి. విమానాశ్రయం వస్తుందన్న మాట మాత్రం ఏళ్లకేళ్లు గాల్లో చక్కర్లు కొడుతోంది, దిగడానికి అనుమతి రాలేదు. అంత చదునైన నేల ఎంత పెద్ద బండికైనా సరిపోతుంది. సముద్రం లేదంటారా? ఏలూరుకి మాత్రం ఉందా?

సముద్రమే కావాలన్న పట్టుదల ఉన్నవాళ్లు కార్తీక మాసం ఆదివారం పేరుపాలెం వెళ్లాలి. సరుగుడు తోటల్లో కార్లు, ఆటోలు, ట్రాక్టరు ట్రక్కులు. ట్రక్కులో చాపలేసి ముసలాళ్లని దించారు, పక్కన మూడు రాళ్ల పొయ్యి, దాని మీద వంకాయ కూర. ఆ పక్క కుర్రాళ్ల డీజే, ఈ పక్క ఇంకో ఊరి కుర్రాళ్ల డీజే, మధ్యలో సత్యనారాయణ వ్రతం మైకు. శాన్‌డియేగోలో రాత్రి పది దాటితే గొంతు ఎత్తకూడదట. మావాళ్లు పదిన్నరకి అంత్యాక్షరి మొదలెడితే టార్చిలైటు పట్టుకుని ఒకాయన వచ్చి చాలా మర్యాదగా నోరు మూయించాడట. ఆ మర్యాదస్తుణ్ణి ఒక్క ఆదివారం పేరుపాలెం డ్యూటీ వేయించాలని నాకు కోరిక. సాయంత్రానికి ఇసకంతా పేపరు ప్లేట్లు, బిర్యానీ పొట్లాలు. ఆటు వచ్చి కొన్ని పట్టుకెళ్తుంది, పోటు వచ్చి అవే మళ్లీ తెచ్చిస్తుంది.

ఇంత హడావుడిలో ఎవరూ లెక్కలోకి తీసుకోని క్యాంపర్లు మా చేలల్లో ఉన్నారు. కోతలయ్యాక బాతుల వాళ్లు దిగుతారు. టార్పాలిన్ గుడారం, నాలుగు కర్రలకి చుట్టిన వల, వల లోపల బాతులు. తెల్లారి వల ఎత్తగానే బాతులు రాలిన గింజల మీదికి పోతాయి, బురదలో అక్కడక్కడా తెల్లగా మిగిలిన గుడ్లని పిల్లలు బుట్టలోకి ఏరతారు. రెండు రోజులకి ఎవరో ఒకరు మోటారు సైకిలు మీదొచ్చి "ఎవర్నడిగి దిగార్రా ఇక్కడ?" అంటారు. క్యారవాన్ పార్కు పెడితే బావుంటుందన్న మన పెద్దమనిషి కూడా అంటాడు, నా ఎదురుగానే అన్నాడు.

మెట్ట నుంచి గొర్రెల మందతో దిగినాయన ఒకడు ఆ పక్క చేలోనే ఉంటే, కాసేపు కబుర్లలో పడి మా మేనల్లుడి సంగతి చెప్పాను. డబ్బున్నోళ్లు అమెరికాలో ఇలాగే బయల్లో బండి ఆపుకుని రాత్రి పడుకుంటారు, రాత్రికి దగ్గర దగ్గర వంద డాలర్లు, అంటే వేలల్లో పడుతుంది అన్నాను. ఆయన బీడీ ఆర్పి చాలాసేపు లెక్కేసుకున్నాడు. ఆయనకి చేలో రాత్రి మంద కట్టినందుకు, పొద్దుటికి నేల మీద మిగిలే ఎరువు కోసం, రైతే ఎదురు డబ్బులిస్తాడు.

"మంచి రేటేనండి. అంతంత ఇస్తున్నారంటే అక్కడి రైతులు బాగా ఉన్నోళ్లే అయ్యుంటారు" అన్నాడు. "ఒక్కో బండిలో ఎంతమంది పడుకుంటారేంటండి, ఎకరం తడుస్తుందా?"