లుంగీ వాక్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక

కర్నూలు కడప మండలములలో మీసము మొలకెత్తుచున్న బాలుడు నిక్కరును విడిచి మొదటి లుంగీని కట్టెడి దినమున, ఇంటి పెద్దలలో నొకడు, ప్రాయికముగా చిన్నాయన, వీధి గడపలో నిలిచి యుచ్చరించు వాక్యమొకటి కలదు. అది అపౌరుషేయము; కర్త యెవ్వడని యడిగినచో "మా నాయన గూడా నాతో ఇట్లే అన్న్యాడు" అను ప్రత్యుత్తరము తప్ప వేరొండు లభింపదు. కావ్యములకును శాస్త్రములకును వ్యాఖ్యాతలు గుంపులు గుంపులుగా నుండగా, తరతరముల మగపిల్లలను పెద్దల గోష్ఠిలో ప్రవేశపెట్టిన ఈ వాక్యమునకు మాత్రము టీక లేకుండుట న్యాయము కాదని తలచి, కోలాచలము మల్లినాథసూరికి నమస్కరించి, దీనికి పూనుకొంటిని. మూలమున లేనిదానిని వ్రాయననుట ఆ మహావ్యాఖ్యాత ప్రతిజ్ఞ; నేనును అదే ప్రతిజ్ఞ పట్టినచో ఈ రచన పది పంక్తులలో ముగియును గావున, ఆయన మన్నించుగాక!

మూలము

"రేయ్ అబ్బీ! మీయమ్మ కుట్టిన లుంగీ కట్టుకోని, మాపటేల రచ్చకట్ట కాడికి రా."

ప్రతిపదార్థము

రేయ్ అబ్బీ = ఓ వత్సా; మీయమ్మ = నీ జననిచేత; కుట్టిన = సూచీకర్మచే కొసలు కలుపబడిన; లుంగీ = గళ్ళు గల అధోవస్త్రమును; కట్టుకోని = నడుమున మడిచి బిగించినవాడవై; మాపటేల = సూర్యాస్తమయ సమయమందు; రచ్చకట్ట కాడికి = వేపచెట్టు చుట్టును నిర్మింపబడిన పెద్దల యాసనమునకు; రా = విచ్చేయుము.

టీక

"మీయమ్మ కుట్టిన" — లుంగీ గుడ్డ యంగడిలో రెండు మీటర్ల ముక్కగా దొరకును. రెండు కొసలను చేర్చి కుట్టినప్పుడే యది మొదలును తుదియు లేని వలయమై వ్యవహారయోగ్యమగును. ఊరిలో దర్జీ యుండగా తల్లి యేల కుట్టవలెనని శంక. దర్జీ మాటలాడుచునే కుట్టి పారవేయును. తల్లి యన్ననో, పొయ్యిమీది సంగటి దింపి, కుట్టుమిషనుపై కప్పిన పాతచీర ముక్కను తొలగించి, గడికి గడియు చారకు చారయు కలియునట్లు కొసలను వ్రేళ్ళతో పట్టి చూచి, నడుము పెరుగు వయసు గావున గుడ్డ వృథాపోనీక అంచునంటియే సూదిని నడుపును. గళ్ళు కలిసిన కుట్టు ఎవ్వరికిని కనబడదు. కలియని కుట్టు ఊరందరికిని కనబడును. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరున చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిన సీమ యిది. పోగును వ్రేళ్ళ నడుమ నలిపి గుడ్డ కులగోత్రములు చెప్పగల ముసలివాండ్రు కట్టమీద నెల్లప్పుడు నిద్దరు ముగ్గురుందురు. కావున కుట్టు వెనుకకు పోవునట్లు కట్టుకొనుట క్షేమము.

"లుంగీ" — క్రొత్తది గంజిచే బిరుసెక్కి నడుమును పట్టదు. ఉప్పునీట నానవేసి, రంగును నిలిపి, గంజిని వదల్చి, ఆరవేసిన పిమ్మటనే ధారణకు తగును.

"కట్టుకోని" — క్త్వార్థకము. కట్టుట యనగా వలయములో దిగి, మిగులు భాగమును ఒక ప్రక్కకు లాగి, మడతను ఎదురు వైపునకు త్రిప్పి, పై యంచును లోనికి దోపుట. ఇందు గుండీ లేదు, కొక్కెము లేదు, నాడా లేదు. సర్వభారమును మోయునది మడత యొక్కటే. ప్రథమధారకుడు ఈ సత్యమును నమ్మజాలక మొలతాడును పైకి లాగి లుంగీపై బిగించును. పెద్దలు చూచియు చూడనట్లుందురు. వారును తొలినాడు అట్లు చేసినవారే. రొంటియందు చిల్లరడబ్బును తాళపుచెవిని ఇముడ్చుకొని పరుగెత్తగలుగుట పై తరగతి పాఠము.

"మాపటేల" — కాలనియమము. వైశాఖమున కర్నూలు ఎండ నలుబది డిగ్రీలు దాటును; కట్టకు పరచిన నాపబండలు ఆ యెండనంతయు త్రాగి, ప్రొద్దు వాలిన తరువాత మెల్లమెల్లగా కక్కును. ఆ వేళ పలుచని గుడ్డ వలయములోనికి క్రిందినుండి గాలి చొచ్చి కలిగించు సుఖము ప్యాంటు తొడిగినవానికి ఉపదేశముచే తెలియునది కాదు.

పూర్వపక్షము

విలాయతు చూచివచ్చిన పూర్వపక్షి యిట్లనును: "పురుషులు గళ్ళగుడ్డను నడుమునకు చుట్టి నలుగురిలో తిరుగుట స్కాట్లండు కొండసీమవారి కిల్టునందు పరాకాష్ఠ నొందినది. అది ఎనిమిది గజముల ఉన్నిబట్ట; వెనుక కుచ్చెళ్ళలో సైతము గళ్ళ వరుస చెడకుండ మడువబడునది. దాని ముందు మీ లుంగీ యెంత?"

సమాధానము: ఎనిమిది గజములనగా పదునారు మూరలు, మన నాలుగు మూరల పంచెలు నాలుగు. నాలుగు పంచెల ఉన్నిని కట్టుకొని వైశాఖమున మా నాపబండపై కూర్చున్నవాడు పరసహాయము లేక లేవజాలడు.

పూర్వపక్షి మరల ననును: "ఆ గుడ్డకు త్యాగచరిత్ర గలదు. 1746లో కలోడెన్ యుద్ధమున ఆ కొండసీమవారి తిరుగుబాటు అణగిన పిమ్మట పార్లమెంటు శాసనము చేసి, 1747 ఆగస్టు 1 మొదలు స్కాట్లండున మగవారును మగపిల్లలును ఆ వేషమును ధరింపరాదనెను. మొదటి తప్పునకు ఆరు నెలల చెర. రెండవదానికి ఏడేండ్లు సముద్రముల కావలి ప్రవాసము. రాజు సైన్యమున చేరినవారికి మాత్రమే మినహాయింపు. 1782లో ఆ శాసనము రద్దయ్యెను; మరి నలుబదేండ్లకు, 1822లో, నాల్గవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చి స్వయముగా కిల్టు కట్టెను. మీ లుంగీ కొఱకు చెరకు పోయినవాడెవ్వడు?"

సిద్ధాంతము

అంగీకరింతము, పైగా ఆ చరిత్రతో మాకును చుట్టరికము కలదు. లూయిస్ దీవియందు 1754లో జన్మించి 1783లో మద్రాసు చేరిన కాలిన్ మెకంజీ తన బాల్యయౌవనముల నించుమించుగా ఆ నిషేధకాలముననే గడపినవాడు. మా కడప గ్రామముల చరిత్రలగు కైఫీయతులను వ్రాయించి భద్రపరచినవాడు నాతడే. ఇక 1800 నుండి 1807 వరకు మా సీమయగు దత్తమండలములకు ప్రధాన కలెక్టరైన తామస్ మన్రో గ్లాస్గో నగరమువాడు. అది పల్లపు సీమ గావున కిల్టు ఆయన పుట్టినచోటి యాచారము గాదు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణింపగా, మా పూర్వులు దొర కట్టెట్టిదని విచారింపక, తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడిరి. దీనినిబట్టి తేలునదేమన: మనిషి నలుగురిలోనివాడగుట గుడ్డవలన మాత్రమే జరుగునది గాదు, గుడ్డ లేనంతమాత్రమున ఆగునదియు గాదు. అయినను 1746 నాటి శాసనకర్తలు మూఢులు గారు. తెగవారిని విడదీయవలెనన్న వారిని మొదట ఒక్కతీరుగా ఒక్కచోట కనబడనీయరాదని యెఱిగిరి. మా చిన్నాయన వాక్యము ఆ శాసనమునకు సరిగా విలోమము.

ఇందుచే "రా" యను ఏకాక్షరమే వాక్యమునకు ప్రాణమని గ్రహింపవలెను. బాలుడు ఇల్లు వెడలునప్పుడు సంబరముచే లుంగీని మోకాళ్ళ పైకి మడిచి ఎగగట్టి నడచును. కట్టను సమీపించి పెద్దలను చూచినంతనే ఆ మడతను విడిచి, అంచును చీలమండల వరకు దింపవలెను. ఈ విధి మూలమున లేదు. ఎవ్వరును నోటితో చెప్పరు. ఇతరులు దింపుట చూచి నేర్వవలసినదే. దింపనివాడు ఎంత మేలైన లుంగీ కట్టినను ఇంకను నిక్కరువాడే. కిల్టు అంచు మోకాటి నడుమ నిలిచిపోవును. పొలమున బురదలో దిగునప్పుడు దానిని ఎగగట్టుటయు, పెద్దల యెదుట దింపుటయు లేవు. లుంగీ కట్టినవాని వినయమంతయు అంచునందున్నది. అవసరమున నెక్కును, గౌరవమున దిగును.

దింపినవానికి సత్కారమెట్టిదన: "బాగుంది" అని యొక్కడును అనడు, ఎవరి బోరులో ఎన్ని ఇంచుల నీళ్ళు పడెనను ప్రసంగము ఆగదు, దానినడుమ వృద్ధుడొకడు తలయైన త్రిప్పక బండమీద జానెడు ప్రక్కకు జరుగును. ఇంతకు మించిన స్వాగతము ఆ కట్టమీద ఎవ్వరికిని జరుగదు.

తాత్పర్యము

ఓయి బాలుడా! నీ తల్లి రెండు కొసలను కలిపి నీకొక వస్త్రమిచ్చినది. అది సగము పని. మిగిలిన సగము చీకటి పడకముందు రచ్చకట్ట కడకు పోయి, అంచు దింపి, చూపిన చోట కూర్చుండి, వర్షమును గూర్చియు పంటను గూర్చియు పెద్దలు చెప్పుకొనునది వినుటవలన పూర్తియగును. తల్లి కుట్టు నిన్ను లుంగీలోనికి దింపును. పెద్దల జరుగుబాటు నిన్ను ఊరిలోనికి చేర్చును.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధతో చదివి మొదటి లుంగీ కట్టినవానికి నడిబజారున మడత జారదు, సైకిలు చక్రమున అంచు చిక్కుకొనదు, గాలిదుమారమున పరువు పోదు. అయినను ఫలశ్రుతియందు సంపూర్ణ విశ్వాసము గలవాడు సైతము మొదటి యేడు మొలతాడును సడలింపరాదని వ్యాఖ్యాత మతము.