బొమ్మగారి దర్బారు

మనుష్యులను చూచి బొమ్మలు చేయుట పూర్వాచారము. బొమ్మను చూచి మనుష్యులు వేషము ధరించుట, ఇల్లు దిద్దుకొనుట, తుదకు కుర్చీలు చేయించుట నేటి నాగరకత. ఈ నాగరకతకు పట్టమహిషి బార్బీ యను పదునొకండున్నర అంగుళముల కన్య. 1959వ సంవత్సరము మార్చి 9వ తేదీన న్యూయార్కునందలి ఆటవస్తువుల ప్రదర్శనలో, నలుపు తెలుపు చారల ఈతదుస్తులతో, మూడు డాలర్ల వెలతో ఈమె అవతరించెను. మ్యాటెల్ సంస్థాపకులలో నొకరైన రూత్ హ్యాండ్లర్ ఈమెకు తల్లి. జర్మనీ దేశపు లిల్లీ యను బొమ్మ ఈమెకు పోలికల నిచ్చిన పెద్దమ్మ. మా మనుమరాలి పుణ్యమా యని ఈ వంశచరిత్ర నాకు కంఠస్థమైనది. మా పూర్వుల పేర్లడిగినచో మూడవ తరమువద్ద తడబడుదును గాని, బార్బీ ప్రవర మాత్రము నిద్రలో లేపి యడిగినను తప్పక చెప్పగలను.

బొమ్మలకు గొప్పవారు ఊడిగము చేయుట ఈమెతోనే మొదలైనది కాదు. పదునెనిమిదవ శతాబ్దమున పారిసు నగరపు కుట్టుపనివారు తమ కొత్త వేషములను పండోరాలనెడి బొమ్మలకు తొడిగి పరదేశపు రాణివాసములకు పంపుచుండిరి; యుద్ధము సాగుచున్నను ఆ బొమ్మల బండికి ఇరుపక్షములవారును దారి విడిచెడివారని ప్రతీతి. 1945లో, యుద్ధము వలన గుడ్డ కరవై యున్న పారిసులో, అక్కడి ఘనులైన దర్జీలందరు ఏకమై, మనిషిలో మూడవ వంతు ఎత్తుగల తీగెబొమ్మలను ఇన్నూటికి పైగా నిలిపి, వానికి పెట్టుకొనుటకు వీలైన గుండీలతో, తెరచుటకు వీలైన చేతిసంచులతో సహా సమస్తము కుట్టి ప్రదర్శించిరి. మనిషికి గజములు కావలసినచోట బొమ్మకు జానెడు చాలును గదా! మా ఇంట పండుగ బట్టల లెక్క తేలనప్పుడెల్ల నాకీ ఉపాయము స్ఫురించును గాని, పైకి చెప్పు ధైర్యము మాత్రము లేదు.

ఇక బార్బీ కొలువునకు వచ్చిన వేషరచనా విద్వాంసుల సంగతి. 1985లో ఆస్కార్ డి లా రెంటా ఈమెకు దుస్తులు సమకూర్చెను. 1995లో డియోర్ వారు వచ్చిరి. 2014లో కార్ల్ లాగర్‌ఫెల్డ్ తన వేషమునే ఈమెకు వేయగా, ఇన్నూరు డాలర్ల వెలగల ఆ బొమ్మలు 999యును చూచుచుండగనే చెల్లిపోయినవి. ఆ యేడే మిలాను నగరములో మోస్కినో వారు బ్రతికియున్న యువతులకు బార్బీ వేషము వేసి నడిపించి, లెక్క సరిచేసిరి. వీరందరిలో నాకు పరమపూజ్యుడు క్రిస్టియన్ లూబుటాన్ అను పాదరక్షల శిల్పి. 2009లో ఈయన బార్బీకి జోళ్ళు కుట్ట నుద్యుక్తుడై, ఆమె చీలమండలు లావుగా నున్నవని ఆక్షేపించి, వానినే సన్నగిలజేయించెనట! మా బజారులోని జోళ్ళ దుకాణదారు ఇంతకాలము నుండి ‘రెండు రోజులు తొడగండి, అదే సాగుతుంది’ అని తోలుమీద భారము వేయుచున్నాడేగాని, లోపము నా కాలిలో నున్నదని తేల్చునంతటి కళాదృష్టి వానికి అలవడలేదు.

అయితే ఈ బొమ్మగారి యోగమంతయు ఆసనములయందున్నది. మొదటి బొమ్మల అరికాళ్ళకు రంధ్రములుండెను. పీఠముమీది చువ్వలకు వానిని గ్రుచ్చినగాని అమ్మగారు నిలువజాలదు. 1962లో ఈమెకు అట్టతో చేసిన మడతయిల్లొకటి అమర్చిరి. అందు సోఫా కలదు, కుర్చీలు కలవు, పాటల పెట్టె కలదు. వంటిల్లు మాత్రము లేదు. ఈ మాట చెప్పగా మా ఇంటావిడ చేతిలోని అట్లకాడ దింపి, ‘బొమ్మైనా బుద్ధిమంతురాలండీ’ అని మెచ్చుకొన్నది. మోకాళ్ళు వంగు బార్బీ పుట్టినది 1965లో! అనగా కుర్చీలు వచ్చిన మూడేండ్లవరకును ఆ సుందరి కాళ్ళు బార్లా చాపి, గూటముకొయ్యవలె కూర్చుండుచుండెనన్నమాట.

ఇట్లు కూర్చుండ నేర్వకమునుపే కుర్చీలు సంపాదించిన ఈమెకు, నేర్చిన పిదప కొదువ యేమి? ఫిలిప్ స్టార్క్ అను ఫ్రెంచి శిల్పి, పదునారవ లూయీ కాలపు రాజాసనమును పోలునట్లు, అద్దమువంటి ప్లాస్టిక్కుతో 2002లో రూపొందించిన కుర్చీని ఇటలీలోని కార్టెల్ వారు ఈమె పరిమాణమునకు కుదించి యిచ్చిరి. విట్రా అను కుర్చీల సంస్థవారి ప్రదర్శనశాల 1992 నుండి ప్రసిద్ధములైన కుర్చీలను ఆరవ వంతుకు తగ్గించి చేయించుచున్నది; బార్బీయు మనిషిలో ఆరవ వంతే గనుక ఈమెకవి చక్కగా నప్పును. ఎవ్వరును కూర్చుండని ఆ బుల్లి కుర్చీ వెల, మా వీథి వడ్రంగి చేయు నిండు కుర్చీ వెలను అవలీలగా దాటును. ఆ వడ్రంగి చేసిన నా కుర్చీకి ఒక కాలు పొట్టి. దానిక్రింద పాత పంచాంగము మడిచి పెట్టి ఈ వ్యాసము వ్రాయుచున్నాను. బార్బీ కొలువులోని శిల్పులు అంతటితో ఆగిరా? 2009లో ఈమె ఏబదవ పుట్టినరోజునకై జానథన్ ఆడ్లర్ అను గృహాలంకారశిల్పి మాలిబూలో నిజమైన, మనుష్యులు తిరుగునంతటి యింటినే ఈమె పేర అలంకరించెను. అందొక అద్దమునకు చుట్టును సూర్యకిరణములవలె బార్బీలనే అమర్చెను.

2024లో ముంబయికి చెందిన అనీతా డోంగ్రే ఈమెకు దీపావళి నిమిత్తము తామరలు, మల్లెలు పూచిన లెహంగా తొడిగినది. ఆ బొమ్మ మా యింటికిని విచ్చేసి, సంక్రాంతి కొలువులో చోటు కోరెను. నిలువబెట్టిన పడిపోవుచుండగా, మా ఇంటావిడ ఆమెను కొండపల్లి అంబారీ యేనుగు ప్రక్కన, బోర్లించిన కుంకుమభరిణెమీద కూర్చుండబెట్టినది. మనుమరాలు చాలసేపు పరిశీలించి,

“తాతయ్యా, ఈ కుర్చీకి డిజైనరెవరు?” అన్నది.

“మీ నాయనమ్మ!” అంటిని.

“మరి ఖరీదెంత?”

నేను డాలర్లలో ఆలోచించుచుండగనే వంటింటినుండి సమాధానము వచ్చినది: “ఖరీదు తర్వాత చూద్దురుగాని, ముందా భరిణె ఇటివ్వండి. పేరంటాళ్ళు వచ్చేస్తున్నారు!”