బావమరిది మీద నెలజీతం

సంక్రాంతి మూడు రోజులూ కోనసీమ కొబ్బరితోటల్లో శాస్త్రవేత్తలకి కొదవుండదు. బరి దగ్గర కుక్కుట శాస్త్రం పుచ్చుకుని ఒకాయన నిలబడతాడు. ఈ వేళకి, ఈ నక్షత్రానికి కాకి పుంజు గెలుస్తుందా డేగ పుంజు గెలుస్తుందా చెప్పేస్తాడు. అవతల గుండాట బల్ల దగ్గర ఇంకొకాయన, పొద్దుట్నుంచీ పడని బొమ్మ ఇక పడి తీరాలని లెక్క కడుతుంటాడు. వీళ్ళిద్దర్నీ చూసి జాలిగా నవ్వుకుంటూ టార్పాలిన్ పందిరి కిందకి నడిచే మూడో ఆయన ఉన్నాడే, ఈ వ్యాసం ఆయన గురించి.

ఈయన చదువుకున్నవాడు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం. పండక్కి అమలాపురం బస్సు దిగేటప్పటికే చేతిలో పోకర్ పెట్టె ఉంటుంది, ప్లాస్టిక్ బిళ్ళలతో సహా. మూడు ముక్కలాట అంటే ఈయనకి అసహ్యం. రమ్మీ అంటే పెద్దవాళ్ళ కాలక్షేపం. "అవన్నీ జూదాలండీ. లిమిట్ పోకర్ అలాక్కాదు, పూర్తిగా స్కిల్. ఎదురుగా కొత్తవాళ్ళు కూర్చోవాలే గానీ నెలజీతం వచ్చినట్టు వస్తుంది" అంటాడు.

ఆట సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. చేతిలో రెండు పేకముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. పందెం ఎంత పెంచాలో ముందే ఖాయం. మొదటి రెండు రౌండ్లలో 50 అయితే, చివరి రెండింటిలో 100. రౌండుకి మూడు పెంపులతో మామూలుగా సరి. ఒక్క ముక్క మీద ఎకరం పెట్టేసే వీలుండదు కాబట్టి మర్యాదస్తుల జూదం. కొత్తవాడు ఏ ముక్కలొచ్చినా ప్యాక్ చెయ్యడు, చివరిదాకా డబ్బులేసి చూస్తాడు. మనం మంచి ముక్కలొచ్చేదాకా నోరు మూసుకుని కూర్చుని, వచ్చినప్పుడు పిండుకోవాలి. సిద్ధాంతం ఇంతే. ఆ కొత్తవాడికి పేకాట పందిళ్ళలో ముద్దుపేరు బకరా.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. కుక్కుట శాస్త్రానికీ దీనికీ తేడా ఉంది. ఇందులో లెక్క నిజం. చెత్త ముక్కలతో రోజూ కూర్చునేవాడు పదేళ్ళకి తప్పకుండా ఓడిపోతాడు. చిక్కల్లా ఆ పదేళ్ళతోనే. మనవాడికి సెలవు మూడు రోజులు.

రెండు ఆసులు వచ్చాయనుకోండి. మొదటి రెండు ముక్కల్లో ఇంతకంటే మంచి చెయ్యి ఈ ఆటలో లేదు. ఎదురుగా ఒక్కడే ఉంటే నూటికి 85 సార్లు మనదే. కానీ బకరాలు ఒక్కడొక్కడే రారు, పెళ్ళి బంతికి లేచినట్టు అందరూ ఒకేసారి లేస్తారు. తొమ్మండుగురూ ఏవో ముక్కలు పట్టుకుని చివరిదాకా ఉంటే ఆ ఆసులు గెలిచేది నూటికి 31 సార్లే. మిగతా 69 సార్లు మలికిపురం నుంచి వచ్చిన కుర్రాడెవడో ఏడూ రెండూ పట్టుకుని గెలుస్తాడు. లాభం లేదనను. పది మంది డబ్బు పోగైన కుప్పలో నూటికి 31 సార్లంటే దొడ్డ లాభమే. అయితే ఆ లాభానికి ముందు వరసగా నాలుగైదు సార్లు ఆసులు పట్టుకుని ఓడిపోయే గుండె కావాలి. మనవాడికి రెండోసారికే చెవులు ఎర్రబడతాయి.

"ఆ ముక్కలతో ఎవడైనా ఆటలో ఉంటాడా? బుద్ధుండక్కర్లా?" అని అరుస్తాడు. అయ్యా, బుద్ధి లేనివాళ్ళతో ఆడితే జీతం గ్యారంటీ అని కదా తమరు వెతుక్కుంటూ వచ్చింది! బకరా బకరాలాగే ఆడుతున్నందుకు కోపమెందుకు?

పైగా ఆ కుర్రాడు ఆడింది తప్పని కూడా చెప్పలేం. నాలుగు ఇస్పేట్లు పోగేసుకుని ఐదోదాని కోసం కూర్చున్నాడు. ఒక్క ముక్కే తెరవాల్సి ఉంది. కనబడని 46 ముక్కల్లో 9 ఇస్పేట్లు, అంటే అయిదు సార్లకి ఇంచుమించు ఒకసారి. కుప్పలో అప్పటికి వెయ్యి రూపాయలుంది. వంద వేస్తే వెయ్యి వచ్చే బేరం, అయిదింట ఒక్క అవకాశం. ఏ లెక్కల మేష్టారైనా వెయ్యమనే చెబుతాడు. ఆ కుప్పని అంత పెంచింది మిగతా బకరాలే. ఒకడి తెలివితక్కువతనం ఇంకొకడి తెలివితక్కువతనాన్ని తెలివిగా మార్చేసింది, ఆ కుర్రాడికి తెలియకుండానే. పోనీ బ్లఫ్ కొట్టి బెదిరిద్దామా అంటే, మహా అయితే ఇంకో వంద. వందకి బెదిరేవాడు పండగనాడు పందిట్లోకే రాడు.

ఇప్పుడు జీతం సంగతి. క్లబ్బుల్లో కూర్చుని లిమిట్ ఆడే ఆరితేరినవాళ్ళకి గంటకి ఒక పెద్ద పందెం మిగిలితే గొప్పే అని ఆ విద్యలో పాత లెక్క. మన బల్ల మీద పెద్ద పందెం వంద, కాబట్టి గంటకి వంద రూపాయలు. కొబ్బరి దింపు కార్మికుడు ఇంత నిలకడ లేని కూలికి చెట్టెక్కడు. ఎందుకంటే ఆ గంటకి వందలో ఎగుడుదిగుడు అటు వెయ్యి, ఇటు వెయ్యి. నూరు గంటలు శ్రద్ధగా, పొరపాటు లేకుండా ఆడిన ఘనుల్లో కూడా ఆరుగురిలో ఒకడు నష్టంతో లేస్తాడు. ఏ ఉద్యోగంలోనైనా నూరు గంటలు చాకిరీ చేయించుకుని, ఆరుగురిలో ఒకడి దగ్గర ఎదురు వసూలు చేస్తే లేబర్ ఆఫీసు ముందు ధర్నా జరుగుతుంది.

ఇందులో పందిరి వేసినవాణ్ణి ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. కుప్పలో సగటున 600 పడుతుందనుకుందాం, నూటికి అయిదు కమీషన్ అనుకుందాం. ఆటకి 30, గంటకి 30 ఆటలు, అంటే గంటకి 900. రాత్రి పది గంటలు సాగితే 9,000. మన మేధావి అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగితే ఆయనకి మిగిలేది వెయ్యి. పేక ముట్టుకోనివాడికి తొమ్మిది వేలు, పేకశాస్త్రం చదివినవాడికి వెయ్యి! స్కిల్ ఎవరిదో అడక్కండి. ఆ పందిరివాడు లిమిట్ పోకర్ మీద ఒక్క పుస్తకం చదవలేదు. బిర్యానీ పొట్లం ధర కూడా తనే వేస్తాడు.

అసలు మాట ఇది. గోవాలో మాండవి మీద తేలే కాసినో పడవలో ఎదురుగా కూర్చునేవాడు ఎవడో మనకి తెలియదు. వాడు పోగొట్టుకుని లేచిపోతే ఇంకొకడు వస్తాడు. రాజోలులోనో కొత్తపేటలోనో బకరా అంటే మన బావమరిది. వాడి పక్కనున్నవాడు మేనత్త కొడుకు. ఆ మూలవాడు మన తోటకి దింపు తీయించి కాయ అంబాజీపేట తోలే ఆసామి. గెలిచింది వీళ్ళ దగ్గరే. బావమరిది "తర్వాత ఇస్తాను లెండి బావగారూ" అన్నాక ఆ డబ్బు వసూలు చేసిన మొగవాడు గోదావరికి అటూ ఇటూ ఎవరైనా ఉంటే చూపించండి. అడిగితే ఆ రాత్రి అన్నం దగ్గర ఇల్లాలి ముఖం మాడుతుంది. అడక్కపోతే గెలుపు కాగితం మీదే ఉండిపోతుంది. మేనత్త కొడుకు ఓడింది పండగ వెళ్ళేలోపు మేనత్తకి తెలుస్తుంది. కాయ తోలే ఆసామి మాత్రం నోరెత్తడు. మర్నాటి దింపులో లెక్క చూసుకుంటాడు, కాయ లెక్క ఆయన చేతిలోదే కదా.

బకరాలు తరగని గని అనుకోవడం కూడా భ్రమే. ఊరికి ఉన్నది పది మంది. అందులో ముగ్గురు కనుమ నాటికి ఖాళీ. ఇద్దరు ఆట నేర్చేసుకుంటారు. ఒకణ్ణి భార్య వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. మిగిలిన నలుగురూ ఒకరినొకరు బకరా అనుకుంటూ తెల్లవారేదాకా కూర్చుంటారు. వాళ్ళలో మనవాడొకడు.

ఇంత జరిగినా "కోర్టు చెప్పిందండీ స్కిల్ అని" అనే మాట వదలడు. చెప్పింది, రమ్మీ గురించి. జంటనగరాల క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి అందులో నైపుణ్యముందని. ఆ తీర్పులోనే మూడు ముక్కలాటని ఒట్టి అదృష్టమని పక్కన పెట్టింది. రమ్మీకిచ్చిన ఆ సర్టిఫికెట్టు పోకర్ మెడలో కట్టుకుని తిరగడం మన మేధావి స్కిల్. పోకర్ దగ్గరికొచ్చేసరికి కర్ణాటక హైకోర్టు 2013లో నైపుణ్యం వైపు మొగ్గింది, గుజరాత్ హైకోర్టు 2017లో అదృష్టమే అంది. అవే 52 ముక్కలు. రాష్ట్రం దాటితే బుద్ధి పోయింది! ఈలోగా మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్నే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు స్కిల్లో అదృష్టమో నాకనవసరం, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటే వద్దంది. ఫోనులో దుకాణం మూతపడింది. అందుకే మనవాడు టార్పాలిన్ కిందకొచ్చాడు. అక్కడ పోలీసులొస్తే తోట గట్టు దూకాలి. అందులో కొంత నైపుణ్యం ఉన్నమాట నిజం.

ఇంత జీతం వస్తోంది కదా, ఒక్కసారి పద్దు పుస్తకం చూపించండి సార్ అని అడిగి చూడండి. పుస్తకం ఉండదు. గెలిచిన రాత్రులు తారీఖుతో సహా చెబుతాడు. ఓడిన రాత్రుల గురించి అడిగితే "ఆ రోజు చేతిలో రెండు ఆసులు..." అని మొదలెడతాడు. ఆ కథ వినేవాడికి గంటకి వంద ఇవ్వాలని ఒక రూలు పెడితే బావమరుదులందరికీ అసలు తిరిగొచ్చేస్తుంది.